చదివినాకే నానబెట్టాలి

మా ఇంట్లో ఏ కాగితాన్నీ చదవకుండా నీళ్ళలో వేసేవాళ్ళం కాదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, మా మేనత్త పెట్టిన నియమం అది. ఆ నియమం వల్లే మా ఊరి ఆడవాళ్ళ చెవిన నాలుగు మంచి మాటలు పడ్డాయి. ఆ నియమం వల్లే నేను, పదమూడేళ్ళ పిల్లను, చచ్చేదాకా మోయవలసిన పని ఒకటి చేశాను.

నీళ్ళలో వేయడమేమిటో ముందు చెప్పాలి. ఎండలు ముదిరే ముందు మా వైపు ఆడవాళ్ళు చాటలకూ గంపలకూ గుజ్జు పూస్తారు. పాత కాగితాలు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులు కలిపి రోట్లో మెత్తగా దంచి, వెదురు సందులు మూసుకుపోయేలా చేత్తో అదిమి పూసి ఎండబెట్టాలి. ఇక ఆ చాటలో నుంచి నూకగింజ జారదు, మెంతుల చేదుకు పురుగు చేరదు. అంతా బాగానే ఉంది, కాగితమే దొరకదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటేడు అది. పట్నంలోనే కాగితానికి కరువైతే, శంషాబాదుకూ తుక్కుగూడకూ నడుమ ఉన్న మా పల్లెకు ఎక్కడినుంచి వస్తుంది? ఇప్పుడు విమానాలు దిగే దారిలో ఉన్న మా చెలకలన్నీ గాలించినా ఆ రోజుల్లో చిత్తుకాగితం ముక్క దొరికేది కాదు.

కాగితమున్నది మా మేనత్త పెట్టెలో. తొమ్మిదో ఏట పెళ్ళి చేసి, పదకొండో ఏట బొట్టు చెరిపారు ఆమెకు. మా చిన్నతాత పట్నంలో ఉండేవాడు గనుక తీసుకుపోయి చదివించాడు. ఆయన పోయాక మా ఇంటికి తిరిగి వచ్చింది. వచ్చేటప్పుడు నగలు తెచ్చుకోలేదు, చీరలూ అంతంతమాత్రమే. రేకు పెట్టె నిండా స్త్రీల మాసపత్రికలు తెచ్చుకుంది. తర్వాత కూడా నెలకొకటి పట్నం నుంచి వచ్చిపోయేవాళ్ళ చేత తెప్పించుకునేది. మా అమ్మ ఆ పెట్టెను చూసినప్పుడల్లా, "పెంకుటింట్ల కుంపటి పెట్టుకున్నట్టున్నది" అని గొణిగేది. మా అమ్మకు భయమెక్కువ, నాకు ఆమె పోలికే వచ్చింది.

చాటలు పట్టుకుని ఆడవాళ్ళు కాగితం అడగడానికి వచ్చినప్పుడు మేనత్త ఒకటే మాట చెప్పింది. అక్షరం సరస్వతి, చదవకుండా నీళ్ళలో వేస్తే పాపం తగులుతుంది, కాబట్టి చదివినాకే నానబెట్టాలి. అది ఏ శాస్త్రంలో ఉందో ఆమెకే తెలియాలి. కానీ కాలికి కాగితం తగిలితే కళ్ళకద్దుకునే ఊరు మాది, ఎవరూ ఎదురాడలేదు. పొద్దు తిరిగాక మా పెరట్లో వేపచెట్టు నీడకు పదిమంది చేరేవాళ్ళు. నేను ఒక్కో పేజీ చదవాలి, చదివింది అయిపోయాక చింపి నీళ్ళ గోలెంలో వేయాలి. పిల్లలకు ఈడు రాకముందే పెళ్ళి ఎందుకు చేయకూడదో, పురిట్లో బొడ్డు కోసే కొడవలిని నీళ్ళలో ఎందుకు మరగబెట్టాలో, కూలిలో ఆడదానికి తక్కువెందుకిస్తారో, అన్నీ అలాగే మా పెరట్లో వినబడి గోలెంలోకి పోయాయి. మధ్యలో ఊరగాయలూ అల్లికలూ కూడా వచ్చేవి. ఆడపిల్లలు రాసిన ఉత్తరాలకు ఒక పేజీ ఉండేది. అది వచ్చినప్పుడు మాత్రం నేను గొంతు పెంచి చదివేదాన్ని. అచ్చులో ఒక ఆడపిల్ల మాట చూస్తే నా మాటే అచ్చయినంత గర్వం.

వినేవాళ్ళలో నాకు అందరికంటే దగ్గరగా కూర్చునేది నా ఈడుదే, మా ఇంటి బట్టలుతికే పెద్దవ్వ కూతురు. కాగితాలు చింపడం దాని పని. చదివిన పేజీని నా చేతిలోంచి తీసుకుని, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు చింపేది. 'అ' ఎక్కడున్నా గుర్తుపట్టేది. మిగతావి నేర్పుతానని నేను మాటిచ్చాను. రేపు మాపంటూ నెట్టుకొచ్చాను, అంతకంటే దాచేదేమీ లేదు.

ఆ మాఘంలో గడీలో దొర బిడ్డకు లగ్గం కుదిరింది. ఊరికి ఆ కబురు ఎలా వచ్చిందంటే, గడీ మనుషులు ఇద్దరిద్దరు చొప్పున ఇళ్ళ ముందు నిలబడి లోపలికి చూసిపోవడం మొదలుపెట్టారు. ఎవరింట్లో పాడి ఉంది, ఎవరి గొర్రె బలిసింది, ఎవరి పిల్ల ఎదిగింది అని. దొర బిడ్డ అత్తారింటికి పోతే సారెతో పాటు ఆడబాపను పంపడం ఆనవాయితీ. ఆడబాప అంటే పెళ్ళికూతురి వెంట పోయి, ఆ ఇంట్లోనే చాకిరీ చేస్తూ, ఆ ఇంటి మగవాళ్ళు ఏమంటే అది పడుతూ బతకవలసిన పిల్ల. ఇత్తడి బిందెలతో, పాడిబర్రెలతో పాటు బండెక్కిస్తారు. పోయిన పిల్ల తిరిగి వచ్చిందని నేను వినలేదు. పెద్దవ్వ ఇంటి ముందు గడీ మనుషులు రెండుసార్లు ఆగారు. మూడోసారి, ఫలానా రోజు నుంచి పిల్లను గడీకి పంపమని చెప్పిపోయారు. అడగడం కాదు, చెప్పడమే.

ఆ వారంలోనే నా చేతికి ఆ పేజీ వచ్చింది. నేను వెతికి తీసింది కాదు, వరుసలో వచ్చింది. ఆడబాపలను పంపే ఆచారం గురించి పై జిల్లా ఆమె ఎవరో రాసిన వ్యాసం. వెట్టి చెల్లదని సర్కారే ఎప్పుడో ఫర్మానా ఇచ్చిందనీ, కన్నతల్లి పంపనంటే పంపించే హక్కు ఏ దొరకూ లేదనీ, తహసీలులో అర్జీ పెట్టుకోవచ్చనీ అందులో ఉంది. పెద్దవ్వ మళ్ళీ చదవమంది. చదివాను. మూడోసారీ చదివించుకుంది. నాకు ఇప్పటికీ అది ఒక్క అక్షరం తప్పకుండా వస్తుంది. ఆమె కూతురు పేజీని తిప్పి చూసి, చింపకుండా ఒళ్ళో పెట్టుకుంది.

ఆ ఒక్క కాగితాన్నీ నానబెట్టొద్దని పెద్దవ్వ బతిమాలింది. మేనత్త దాన్ని పెట్టెలో దాచి, పట్నం పోయి వకీలు చేత ఉర్దూలో అర్జీ రాయించుకొస్తానంది. పోతూ పోతూ నాకు గట్టిగా చెప్పింది. ఆ పేజీని ఎవరికీ ఇవ్వొద్దు, అది చదువుకునే కాగితమే గానీ తహసీలు కచేరీలో చెల్లే కాగితం కాదు. మూడు రోజుల్లో వస్తానని పోయిన మనిషి ఎనిమిది రోజులైనా రాలేదు. వకీలు రేపు రా, రేపు రా అని తిప్పుకుంటున్నాడని మాకు ఎలా తెలుస్తుంది?

ఈలోగా ఊళ్ళో గాలి మారింది. దొరల మీద తిరగబడమంటున్న సంఘం పేరెత్తితేనే గడీకి ఒళ్ళు మండే రోజులు. పక్క ఊరిలో ఏదో కరపత్రం దొరికిందని ఒక రైతు ఇంటి కప్పు పట్టపగలు పీకేశారు. పెంకులు పగులుతున్న చప్పుడు మా చేల దాకా వినబడిందని మా బాపు చెప్పాడు. మేనత్త పోయిన నాలుగో రోజున గడీ గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఎడ్ల గురించి, ఎండల గురించి మాట్లాడాడు. లేచి పోతూ, మీ పెరట్లో ఏవో కాయిదాలు చదువుతున్నారట గదా అని నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వుకే మా అమ్మ చేతిలో చెంబు కిందపడింది. ఆయన పోయాక బాపు నన్ను పిలిచి, మన ఇంటి కాగితం ఒక్కటి గడప దాటినా మన కప్పు ఉండదని చెప్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే అంత భయమేసేది కాదు.

పిల్లను గడీకి పంపిన మూడో రోజు పొద్దున పెద్దవ్వ వచ్చింది. ఎప్పటిలా బట్టల మూటతో కాదు, వట్టి చేతులతో వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. బాపు చేను దగ్గర ఉన్నాడు. అమ్మ లోపల దంచుతోంది.

"ఆ కాయిదం ఇయ్యి బిడ్డా," అంది.

అత్తమ్మ వచ్చేదాకా ఆగమన్నాను. ఆమె ఆగలేదు.

"ఎల్లుండి సారెబండ్లు పోతయి. ఇగ ఎప్పటికి ఆగాలె? దొర ముంగట పెడుత. అచ్చు కాయిదం గాదా? హుకుం గాదా? చూసినంక ఆయన మాత్రం ఏమంటడు?"

ఇక్కడ ఆమెను తెలివితక్కువది అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఊరికి వచ్చిన కాగితం ఏదైనా హుకుమే. శిస్తు కాగితం, లెవీ కాగితం, జప్తు కాగితం. అది వచ్చిందంటే మాలీపటేలు దగ్గర నుంచి అందరూ తలకాయ వంచేవాళ్ళు. కాగితానికి ఎదురు చెప్పిన మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ కాగితాలన్నీ తమ నెత్తినే పడ్డాయి. ఇప్పుడు మొదటిసారి ఒక కాగితం తమ దిక్కు మాట్లాడింది. దానికి దొర తల వంచడని ఆమె ఎట్లా అనుకుంటుంది?

అది చెల్లదని, అది ఎవరో రాసుకున్న మాట అని నేను చెప్పబోయాను. "మూడుసార్లు సదివినవు గదా," అంది.

లోపలికి పోయి పెట్టె తెరిచాను. ఆ పేజీ పైనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నాకు కనబడింది నా స్నేహితురాలి ముఖం కాదు. గుమాస్తా నవ్వు కనబడింది, పెంకులు పీకిన ఇల్లు కనబడింది. నేను చూడనైనా చూడని ఇల్లు అది. కాగితం దొర చేతిలో పడితే ఎక్కడిదని అడుగుతారు. పెద్దవ్వను చావగొడతారు, తర్వాత మా గడపకు వస్తారు. ఇవన్నీ వరుసగా ఆలోచించానని ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు ఆలోచించలేదు. భయమేసింది, అంతే. ఆ పేజీని లోపలికి తోసి, దాని కిందున్న ఇంకో పేజీ తీశాను. దాని మీద కూడా బొమ్మ లేదు. పట్టుబట్టల మీద పడ్డ మరకలు పోగొట్టే విధానాల గురించి ఉంది అందులో.

పెద్దవ్వ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. నాలుగు మడతలు పెట్టి చెంగుకు ముడివేసుకుంది. నీ కడుపు సల్లగుండ అని నా తల నిమిరింది. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. వాకిలి దాటేదాకా చూస్తూ నిలబడ్డాను.

గడీలో జరిగింది అక్కడ వెట్టికి పోయిన ఆడవాళ్ళు సాయంత్రానికి ఊరంతా చెప్పారు. పెళ్ళికి వచ్చిన చుట్టాలు నిండుగా ఉన్న వేళ పెద్దవ్వ వెళ్ళి దొర కాళ్ళకు దూరంగా ఆ కాగితం పరిచిందట. నా బిడ్డను పంప, హుకుం తెచ్చిన అందట. దొర కూడా లేచి కూర్చున్నాడట. గుమాస్తా కాగితం తీసుకుని, దొర సైగ చేస్తే, అందరికీ వినబడేలా చదివాడట. పట్టుచీర మీద పసుపు మరక పడితే నిమ్మరసమూ ఉప్పూ రుద్దవలెను అని. ముందు పెళ్ళికొచ్చిన చుట్టాలు నవ్వారు, తర్వాత దొర నవ్వాడు, ఆయన నవ్వాక నౌకర్లు కూడా నవ్వారు. చాకలిదానికి ఉతకడం నేర్పే హుకుమా అని ఎవరో అన్నారట. ఈ విద్య నీ బిడ్డకు నేర్పు, చిన్నదొరసాని చీరలకు పనికొస్తుందని దొర కాగితాన్ని తిరిగి ఇప్పించాడట. ఒక్క దెబ్బ వేయలేదు. వేయవలసిన అవసరం లేకుండా చేశాను నేను.

సారెబండ్లు మా ఇంటి ముందు నుంచే పోయాయి. నేను తలుపు సందులోంచి చూశాను. ఇత్తడి సామాను బండి మీద బిందెల నడుమ అది కూర్చుంది. కొత్త పరికిణీ కట్టారు. మా ఇంటి వైపు చూసింది, నేను కనబడనని తెలియక చూస్తూనే ఉంది. మా ఊరి ఆడవాళ్ళం పూసి వెట్టిగా ఇచ్చిన చాటలు ఆ బండి వెనక కట్టి ఉన్నాయి.

మేనత్త మర్నాడు వచ్చింది, అర్జీ రొంటిన పెట్టుకుని. సంగతి విని పెట్టె తెరిచింది. పేజీ పైనే కనబడలేదు గానీ, కొంచెం వెతికితే దొరికింది. దాన్ని చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది.

"మంచి పని చేసినవని మీ బాపు అంటడు. నేననను," అంది. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. అర్జీ తహసీలులో ఇచ్చి వచ్చింది. దానికి జవాబు రాలేదు.

ఎండలు ముదిరాయి. గడీ వైపు నుంచి ఎవరూ రాలేదు. నవ్వుకున్న కాగితం కోసం ఎవరు వెతుకుతారు? బాపు వద్దన్నా మేనత్త మళ్ళీ గోలెం నింపింది. మొదటి రోజే పెద్దవ్వ పాత చాట చంకన పెట్టుకుని వచ్చింది. నేను చదవడానికి తీసిన పేజీ పక్కకు పెట్టమని, చెంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం నా ముందు పెట్టింది.

"సదివినంకనే నానబెట్టాలె గదా. సదువు బిడ్డా," అంది.

పదిమంది చూస్తున్నారు. మేనత్త రోటి దగ్గర ఆగింది. నేను కాగితం విప్పాను. నిమ్మరసమూ ఉప్పూ అని అచ్చు కనబడుతోంది. నా నోట మాత్రం ఆ ఆడబాపల వ్యాసం వచ్చింది. వెట్టి చెల్లదని సర్కారే ఫర్మానా ఇచ్చింది, కన్నతల్లి పంపనంటే పంపించే హక్కు ఏ దొరకూ లేదు. కళ్ళు కాగితం మీద పెట్టి, లేని అక్షరాల వెంట వేలు జరుపుతూ, మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. ఎందుకలా చేశానంటే, దొంగ దొరికిపోయేటప్పుడు ఏది చేతికందితే అది అడ్డం పెట్టుకుంటాడు, అందుకు.

వింటున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అయితే ఆ గుమాస్తాగాడు అబద్ధం చదివాడన్నమాట అన్నారు. ఎంత మోసం, వాడి నాలుక పడిపోను అని శాపనార్థాలు పెట్టారు. నేను కాదనలేదు. పెద్దవ్వ నా చేతిలోంచి కాగితం తీసుకుని, తన బిడ్డ చింపినట్టే ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, చింపి గోలెంలో వేసింది.

రెండేళ్ళకు రాజ్యం మారింది. దొర పట్నం పారిపోయాడు. గుమాస్తా మాత్రం ఊరివాళ్ళకు దొరికాడు. కాగితం తప్పు చదివినందుకు అని చెప్పి మరీ కొట్టారు. ఉన్నది ఉన్నట్టే చదివానని ఆయన మొత్తుకున్నాడట. ఆయన చేసిన పాపాలు గంపెడున్నాయి, ఆ ఒక్కటి నాది. అప్పుడు కూడా నేను ఇల్లు కదలలేదు. మేనత్త, పెద్దవ్వ కలిసి చిన్నదొరసాని మెట్టిన ఊరు పోయి అడిగారు. ఆ పిల్లను ఏడాది కిందటే ఇంకెవరికో ఇచ్చేశామన్నారు, వాళ్ళ పేరు చెప్పలేదు. కొంగున కట్టుకుపోయిన అటుకులు విప్పకుండానే ఇద్దరూ తిరిగి వచ్చారు.

ఆ తర్వాతి ఎండాకాలం నా పెళ్ళయింది. నాకు పదహారేళ్ళు నిండేదాకా చేయనీయలేదు మేనత్త. అదీ ఆ కాగితాల పుణ్యమే. నలుగు పెట్టిననాడు కట్టుకున్న చీర నిండా పసుపు అంటింది. ఉతకడానికి పెద్దవ్వ వచ్చింది. ఎప్పుడూ మూట కట్టుకుని పోయే మనిషి, ఆ రోజు చీరను అరుగు మీద విప్పి, మరకను వేలితో తడిమి చూసింది. దగ్గర ఎవరూ లేరు.

"పసుపు మరక నిమ్మకాయతోని పోదు బిడ్డా," అంది. "ఆ కాయిదంల రాసినోళ్ళకు ఎరుక లేదు. ఎండకేస్తే అదే పోతది."

కోపంగా అనలేదు. నా తల నిమిరిన గొంతుతోనే అంది. చీర తడిపి, పిండి, మా పెరట్లోనే తాడు మీద ఆరేసింది. కొనలు సమంగా లాగి, అది మళ్ళీ మళ్ళీ సర్దుతూ చాలాసేపు నా వైపు వీపు పెట్టి నిలబడింది. నేను అరుగు మీదే కూర్చున్నాను. నా స్నేహితురాలి పేరైనా పైకి పలకలేకపోయాను.

పొద్దుగూకేసరికి చీర మీద మరక పోయింది.